బాపు అక్షరాలు

ఆగస్టు 1998, ఆదివారం

మంచిర్యాల ప్రెస్సులో కంప్యూటర్ మీద ఎవరిదో పెళ్లిపత్రిక చూసి ఆగిపోయాను. అవి మా బాపు అక్షరాలే. సైన్‌బోర్డులు రాసే నాన్న చెయ్యి వణకడం మొదలుకాకముందే ఆయనతో కాగితాల మీద రాయించుకొని, రెండేళ్లు కూర్చొని నేను చేసిన ఫాంటు. అమ్ముకుందామనుకున్నాను. నమ్మి ఒక్క దోస్తుకే ఫ్లాపీ ఇచ్చాను.

"గీ ఫాంటు యాడిదన్నా?" అని ప్రెస్సాయనను అడిగాను.

"ఏమో తమ్మీ, అందరి దగ్గర ఉన్నది. నీక్కూడ కావాల్నా? కాపీ చేసిస్త, పైసలేం వద్దు."

పోట్లాడదామనే నోరు తెరిచాను. కానీ వైరస్‌తో నా కంప్యూటర్‌లోది పోయింది, నేను దాచుకున్న ఫ్లాపీకి బూజు పట్టింది. బాపు ఇక రాయలేడు.

"జర రెండు ఫ్లాపీలల్ల చేసియ్యన్నా," అన్నాను.