బండి ఉరికితే వెనక కూర్చున్న మనిషి

అంజమ్మా,

నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది, తప్పులు కూడా చాలా ఉంటాయి, ఏమీ అనుకోకు. నువ్వు పోయి ఈరోజుకు ఏడాది.

మన కోడలు ఇప్పుడు ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. నిన్న చలన నియమాల పాఠం. గ్లాసు మీద అట్టముక్క, దాని మీద చింతగింజ పెట్టి, అట్టను వేలితో కొట్టింది. అట్ట ఎగిరిపోయింది, గింజ గ్లాసులో పడింది. ఆగి ఉన్నది ఆగే ఉండాలని చూస్తుందట.

నేను మూలనుంచి మెల్లగా అడిగాను. "మరి బండి ఒక్కసారిగ ఉరికితే ఎనక కూసున్న మనిషి?"

"ఎనక్కి పడ్తది మామా. బండి ముందుకు పోతది, మనిషి పెయ్యి ఉన్నకాడనే ఉంటది. పడ్డోళ్ల తప్పేం లేదు" అంది. తర్వాత నా మొహం చూసి చాక్‌పీసు కింద పెట్టేసింది.

ఆ రోజు ఇస్నాపూర్ చౌరస్తాలో ఆగి ఉన్న బండి మీద నువ్వు ఎప్పటిలాగే ఒక పక్కకు కూర్చున్నావు. నలుగురూ చూస్తారని నన్ను పట్టుకునేదానివి కాదు. రెండు చేతులతో టిఫిన్ డబ్బా పట్టుకున్నావు. వెనక లారీ హారన్ కొడితే నేనే ఎక్సలేటర్ గట్టిగా తిప్పాను. రోడ్డు మీద పడ్డ నిన్ను చూసి, "పట్టుకోరాదానే, సోయి లేదా?" అని అరిచాను. నువ్వు నా దిక్కు చూశావు. ఇక మాట్లాడలేదు.

అలా అరిచానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నీ తప్పు లేదు అంజమ్మా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఈ ఉత్తరం ఎక్కడ వేయాలో తెలియదు. అయినా జల్దీ జవాబు రాయి. కోపం పోయిందో లేదో, అంత రాసినా చాలు.