తల్లికీ పిల్లకీ మధ్య బోటు

తిరువొత్తియూరు,
ఆదివారం.

శ్రీవారికి వరదలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ మా అందరికీ ఒంట్లో బాగానే ఉంది. సముద్రం మీద మీరూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్లో చెబుదామంటే మీ ఓడ సిగ్నలు సగం మాటల్లోనే తెగిపోతోంది. అందుకే ఇది రాసి, కొలంబోలో మీకు అందించమని మీ ఓడ కంపెనీ ఏజెంటు ఆఫీసులో ఇస్తున్నాను.

అత్తయ్య మోకాలి సంగతి అడిగారు. కొత్త మాత్రలతో వాపు తగ్గింది, మెట్లు మాత్రం ఎక్కవద్దన్నారు. మన పాప ధన్య ఈతకి పోతోందా అని అడిగారు. పోవడం లేదు. ఎందుకో రాస్తాను.

మీ తమ్ముడు శ్రీకుమార్ మన దగ్గరి కోవళంలో డాల్ఫిన్లు చూపించే బోటు నడుపుతున్నాడు కదా, పోయిన ఆదివారం మమ్మల్ని తీసుకుపోయాడు. అత్తయ్య ఒడ్డునే కూర్చుంది. ధన్య, నేను ఎక్కాం. జెట్టీ దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. డాల్ఫిన్లకి దూరంగా ఉండాలి, వాటి దారికి అడ్డం పోకూడదు, తల్లినీ పిల్లనీ విడదీయకూడదు, దగ్గరికొస్తే వేగం తగ్గించాలి. అంతా తమిళంలో, ఇంగ్లీషులో చక్కగా రాశారు. జనం దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు.

మాతోపాటు ఏదో కంపెనీవాళ్లు ఎక్కారు. అందులో ఫణీంద్ర అనే ఆయన బయలుదేరినప్పటి నుంచీ "ఇంకా దగ్గరికి పోనీ" అంటూనే ఉన్నాడు. డాల్ఫిన్ల గుంపు కనబడగానే ఇంకో రెండు బోట్లు చెరోవైపు నుంచి వచ్చి చుట్టుముట్టాయి. శ్రీకుమార్ వేగం తగ్గించాడు. అప్పుడే బోటు ఓనరు ఆనందన్ ఫోన్ చేశాడు. స్పీకర్లో అందరికీ వినబడింది.

"ఏంది శ్రీకుమార్, ఆడనే నిలబడి ఏం చూస్తా ఉండావు? లోపలికి పో. పార్టీకి వీడియో రావాల."

పోయాడు. ఒక తల్లి, పక్కనే దాని పిల్ల. బోటు ఆ రెండింటి మధ్యకి దూరింది. ఇంజన్ ఆపమని అరిచాను.

"వదినా, ఊరికే ఉండండి. వచ్చినోళ్ల ముందర నా మర్యాద తియ్యొద్దు."

కింద ఏదో తగిలిన చప్పుడు. వెనక్కి చూస్తే నీళ్లలో ఎరుపు. పిల్ల ఊపిరి తీసుకోవాలని తల్లి దాన్ని మూతితో పైకి ఎత్తుతోంది. అది జారిపోతోంది, మళ్లీ ఎత్తుతోంది. ఫణీంద్ర దాన్ని కూడా వీడియో తీశాడు. ధన్య నా కొంగులో మొహం దాచుకుంది. అప్పటి నుంచి నీళ్లలో దిగనంటోంది.

ఒడ్డుకి రాగానే ఆనందన్‌ని నిలదీశాను.

"ఏందమ్మా, ఒక చేపకి పోయి ఇంత గలాటానా?" అన్నాడు.

చేప కాదది. మనలాగే గాలి పీల్చి, పిల్లకి పాలిచ్చే ప్రాణి. బోర్డు పెట్టించినవాడికి ఆ సంగతి తెలియదా? తిమింగలాలు కనబడితే మీ కెప్టెన్ వేగం తగ్గించి ఓడని పక్కకి తిప్పుతాడని మీరే రాశారు. అంత పెద్ద ఓడకి ఉన్న ఓపిక, సరదాకి తిరిగే బోటుకి లేకపోయింది.

ఇంతవరకూ రాయడానికి జంకిన మాట ఒకటుంది. మర్నాడు అటవీశాఖ ఆఫీసుకి పోయి పిల్లకి బోటు తగిలిన సంగతి చెప్పాను. బోటు నడిపింది ఎవరని అడిగారు. తెలియదని అనగలిగేదాన్నే. అనలేదు. మా మరిది శ్రీకుమార్ అన్నాను. లోపలికి పొమ్మన్న ఫోన్ సంగతి వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు.

వాళ్లు పోయి విచారిస్తే ఆనందన్ ఆ బోర్డు చూపించాడట. మేం అన్నీ రాసిపెట్టాం, డ్రైవరే వాటిని మీరాడు అన్నాడట. తను అసలు ఫోనే చేయలేదన్నాడట. ఆ పూటే శ్రీకుమార్‌ని పనిలోంచి తీసేశాడు. కేసూ వాడొక్కడి మీదే పెట్టారు. అది విన్నప్పటి నుంచి నా ఒళ్లు మండిపోతోంది. పొమ్మన్నవాడు ఇవాళ కూడా బోట్లు పంపుతున్నాడు.

అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. "ఇంటి బిడ్డని నువ్వే పట్టిచ్చేస్తివి కదే" అని ఒక్క మాట మాత్రం అంది. శ్రీకుమార్ గది దాటి రాలేదు. నిన్న మాత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, ఆ పిల్ల బతికుంటాదా?"

తెలియదన్నాను. అబద్ధం చెప్పి ఓదార్చడం నాకు చేతకాలేదు.

"ఆపేద్దామనే చూస్తిని. ఆయన అరిచేసరికి తోలేస్తిని," అని తల దించుకున్నాడు. రేపు నాతో ఆఫీసుకి వచ్చి, ఫోన్ సంగతి తానే చెబుతానన్నాడు.

మీరు నడుమ ఎవరినైనా పట్టుకుని కేసు మాఫీ చేయించకండి. మీకు కోపం వస్తే నా మీదే రావాలి, వాడి మీద కాదు. రేపు మళ్లీ అడిగినా శ్రీకుమార్ పేరు దాచను. కాకపోతే ఈసారి వాళ్లు అడిగేలోపే ఆనందన్ పేరు చెబుతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
వరదలక్ష్మి