గుండెకేమీ కాలేదక్కా

హిందూపురం

మా హుసేనక్కకు తమ్ముడు దస్తగిరి నమస్కరించి రాయడమేమంటే,

నేను బాగున్నాను. ఈ మాట నమ్ము. నువ్వు, బావ, పిల్లలు, అవ్వ అందరూ కులాసానే కదా? రొద్దంలో వాన పడిందా? ఇక్కడ ఇంకా ఎండలే.

నేను ఆసుపత్రిలో చేరానని ఎవరో చెబితే ఏడ్చావట. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

చింతచెట్టు మీది నుంచి పడి వెన్నుపూస విరిగిన నాటి నుంచి నాకు రొమ్ము కింద స్పర్శ లేదు కదా. పోయిన సోమవారం ఎస్టీడీ బూత్‌లో కూర్చుని ఉండగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖమంతా చెమటలు. ఎండ దెబ్బ అనుకుని సోడా తాగాను. నాతో బూత్ చూసుకునే ఫకృద్దీన్ ఒప్పుకోలేదు. "మొగం ఎర్రగ కందిపోయిండాది. మాట్లాడకుండా ఆటో ఎక్కు" అని నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు.

మూత్రం గొట్టం మడత పడి బీపీ లేచిందట. సరిచేయగానే దిగింది. డాక్టరమ్మ మాత్రం కోప్పడింది. "సోడా తాగి కూచుంటివా? నీలాంటోళ్లకి గుండెపోటు వచ్చినా నొప్పి తెలీకపోవచ్చప్పా. చెమట పట్టినా, ఆయాసం వచ్చినా ఎంటనే రావల్ల" అని, గుండెకు పరీక్షలు చేయాలని రెండు రోజులు ఉంచుకుంది.

ఆ రెండు రోజులూ నువ్వే గుర్తొచ్చావు. నెలల తరబడి మంచం మీద నన్ను అటూ ఇటూ తిప్పి, ఒక్క పుండు పడకుండా కాపాడావు. ఇంత చేయించుకుని ఇట్లా పోతానా అని భయమేసింది.

మూడోనాడు డాక్టరమ్మ పరీక్షల కాగితాలు చూసి, "గుండెకేమీ కాలేదు. చక్కెర జబ్బు మొదలైండాది, కొవ్వు ఎక్కువుండాది" అంది.

"నేను సన్నగానే ఉండాను కదా మేడం."

"కాళ్లల్లో కండ కరిగిపోయిండాది. తిన్నది ఖర్చయ్యే దారి లేదు. నీ కడుపు చూసుకో."

చూసుకున్నాను. నిజమే, ముందుకొచ్చింది. ఇప్పటికి మాత్రలొద్దు, తిండి మార్చి చేతులకు పని చెప్పమంది. ఎంత తేలికపడ్డానో చెప్పలేను.

కోపం చేసుకోకక్కా, బస్సులో పంపే నువ్వుల ఉండలు ఇక వద్దు. నువ్వు బలం కోసం తినిపించబట్టే అప్పట్లో లేచి కూర్చున్నాను. తప్పు నీది కాదు. ఉలవలుంటే పంపు.

నిన్న సాయంత్రం ఎవరిచేతా తోయించుకోకుండా రైల్వేస్టేషన్ దాకా నేనే కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ వెళ్లాను. ఆగేసరికి గుండె దబదబ కొట్టుకుంటోంది. చేయి పెట్టి అట్లే ఉండిపోయాను.

వెనకే వచ్చిన ఫకృద్దీన్ బెదిరిపోయాడు. "ఏమప్పా, బాగుండావా?"

"బాగుండా. ఇంకొంచెం దూరం పోదాం పా" అన్నాను.

అవ్వకు ఈ ఉత్తరం నిదానంగా చదివి వినిపించు. బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ దీవెన కోరే తమ్ముడు,
దస్తగిరి