ఆరో పాఠంలోని గోల

దిల్‌సుఖ్‌నగర్,
నవంబరు 2011.

సుభాషిణి మేడం గారికి నమస్కారాలు.

నాకు చూపు లేదు. నేను చెబుతుంటే హాస్టల్లో నా రూమ్మేట్ స్వరూప ఈ ఉత్తరం రాస్తోంది. మీరు ప్రచురణకర్తలను ఒప్పించి, గ్రూప్స్ పరీక్షల పుస్తకమంతా పైకి చదివి రికార్డు చేసి, పాస్‌వర్డ్ కూడా లేకుండా నెట్‌లో పెట్టారు. అంతకుముందు ఆ పుస్తకం నా పెట్టెలో మూగగా పడి ఉండేది. ఇప్పుడు నల్లగొండలో నాలాంటి పిల్లలు కూడా మెమరీ కార్డుల్లో ఎక్కించుకుని వింటున్నారు. మీ రుణం తీర్చుకోలేం.

ఆరో పాఠంలో రోడ్డు మీది గోల పడిందని, దాన్ని తీసేసి మళ్లీ చదువుతానని మీరు నెట్‌లో రాశారట. దయచేసి ఆ పని చేయకండి. చేస్తే నేను ఊరుకోను.

ఆ గోల సకల జనుల సమ్మెలో మేం తీసిన ఊరేగింపుది. మీవారు "కిటికీ మూసెయ్" అంటే మీరు "ఉండనివ్వండి, పాపం పిల్లలు ఎండలో నడుస్తున్నారు" అనడం రికార్డులో వినబడుతోంది. మీది ఆంధ్ర అని మాటలోనే తెలుస్తుంది. అందుకే ఆ మాటను వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ విన్నాను.

స్వరూప అయితే ఎగిరి గంతేసింది. "ఏయ్, గా జై తెలంగాణ అన్నది నీ గొంతే గద!"

నా గొంతే మేడం.

తర్వాత మీరు మైకు దగ్గరికొచ్చి, "వింటున్న తల్లీ, వీళ్లు వెళ్లాక చదువుతాను, కాస్త ఆగు" అన్నారు.

ఇట్లు,
అప్పుడు మీ కిటికీ కిందే ఉన్న ఆ తల్లి.