నవలలో నా ఈనె

రాజోలు, 1953, శుక్రవారం రాత్రి

పిల్లల దగ్గరున్న డిటెక్టివ్ నవలలన్నీ తెచ్చిమ్మని, ఆదివారం ప్రార్థన కూటంలో తగలబెడతానని ఉరిమిన పాస్టర్ని నేనే. తల్లిదండ్రులు నన్ను నమ్మి, కట్టలు కట్టలుగా తెచ్చి మా అరుగు మీద పెట్టి వెళ్లారు.

ఈ సాయంత్రం మా అమ్మాయి రాహేలు అందులో ఒకటి పట్టుకొచ్చింది. దానికి పన్నెండేళ్లు.

“నాన్నగారండీ, బైబిల్లో గుర్తుకి పెట్టుకునే మీ కొబ్బరి ఈనె ఇందులో ఉందేంటండీ?”

“పాపం ఎలా ఉంటుందో చూడాలి కదమ్మా.”

“ఆయ్. నూటపదో పేజీ దాకా చూసేరండి. నేనూ చదవొచ్చాండీ?”

వద్దంటే, నేనెందుకు చదివినట్టు? సరేనంటే, ఆదివారం ఏ ముఖంతో అగ్గిపుల్ల గీయను? పరిశుద్ధ గ్రంథం తెరిచాను గాని ఒక్క అక్షరమూ కంటికి ఆనలేదు. సినిమా డేరా గాని, నవల గాని, వద్దని అరవడమే నాకు తెలుసు. ఏ వయసుకు ఏది తగునో ఏనాడూ ఆలోచించలేదు.

“రేపు చెబుతానమ్మా” అన్నాను. ఈనె కదలకుండా పుస్తకాన్ని నా దిండు పక్కన పెట్టి వెళ్లింది.

ఇది రాహేలుకి తగునో కాదో నిజం చెప్పాలంటే మిగిలిన నలభై పేజీలూ చదవాలి. చదివాక, ప్రభువా, తగలబెట్టగలనో లేదో...