పిల్లిగొంతు

జూన్ 9, సోమవారం

వదినకి నడక నేర్పే ఫ్రేము వచ్చింది. ఫిజియో అమ్మాయి వ్యానులో తెచ్చి, విడి భాగాలన్నీ హాల్లో పరిచి, తనే బిగించింది. దాని పేరు గెయిట్ ట్రైనర్ అట. మా ఆయన చూడగానే బండి అన్నారు. అప్పట్నుంచీ అది బండే.

నాలుగు చక్రాలు. మధ్యలో సైకిలు సీటు లాంటి మెత్తటి సీటు. ఛాతీ చుట్టూ ఒక బెల్టు, నడుము చుట్టూ ఒకటి. మోచేతులు ఆనించుకోవడానికి రెండు పక్కలా దోనెల్లాంటివి. వదిన మంచం మీంచే దాన్ని ఎగాదిగా చూసి, అదే, అంది.

స్ట్రోకు వచ్చాక మా వదినకి మిగిలిన మాట అదొక్కటే. ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే. అది ఏ అదేనో మొహం చూసి మనమే తెలుసుకోవాలి. ఇవాళ్టిది ససేమిరా అనే అదే.

ఫిజియో అమ్మాయి ఒక్కొక్కటీ నా చేత చేయించింది. ముందు బ్రేకులు. అన్ని చక్రాలకీ బ్రేకు వేశాకే మనిషిని అందులో నిలబెట్టాలి. తర్వాత సీటు ఎత్తు. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, మోకాళ్లు కాస్త వంగి ఉండాలి. జాలిపడి సీటు పైకి లేపారనుకోండి ఆంటీ, మేడమ్ వేలాడతారు గానీ నడవరు, అంది. ఛాతీ బెల్టు చంకల్లోకి ఎగబాకకూడదు. బిగించాక లోపల నా రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులు పనికిరాదు. చెప్పులు వద్దు, లేసులున్న బూట్లే. నేల మీద చాపలూ పట్టాలూ తీసేయాలి. అందులో ఉన్నంతసేపూ ఒంటరిగా వదలకూడదు, ఫోను మోగినా సరే.

వెళ్లేముందు నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లిగా చెప్పింది. జూలై మొదటి శనివారం మళ్లీ వచ్చి చూస్తుందట. అప్పటికి వదిన కుడికాలి మీద బరువు మోపుతూ ఉంటే బండి ఇక్కడే ఉంటుంది. లేకపోతే దానికోసం ఎదురుచూస్తున్న ఇంకొకళ్లకి ఇచ్చేయాలి. వదినకి ఇక చక్రాల కుర్చీయే.

మెల్లిగా చెప్పి ఏం లాభం. వదినకి పోయింది మాట, చెవులు కావు.

జూన్ 10

బూట్ల కోసం అటక ఎక్కాను. తెల్ల కాన్వాసు బూట్లు దొరికాయి. లోపల ఇంకా గ్రౌండు ఇసుక ఉంది. దులపబుద్ధి కాలేదు. కానీ దులిపాను, కాలికి గుచ్చుకుంటుంది కదా.

వదిన మా స్కూల్లో డ్రిల్ టీచరు. నాకు వదిన కాకముందు టీచరే. మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది, ఏ పని మొదలుపెట్టినా కుడికాలు ముందు పెట్టమని. గ్రౌండంతా లెఫ్ట్ వేస్తుంటే నేనొక్కదాన్నీ రైట్ వేసేదాన్ని. వరసంతా ఒకళ్లనొకళ్లు తొక్కుకునేవాళ్లు. ఇలా కాదని ఒకరోజు నన్నే ముందు నిలబెట్టి కమాండు ఇవ్వమంది. నా గొంతు మొదటి వరసకి కూడా అందలేదు. టీచరు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, గొంతేదీ, ఇంట్లో మర్చిపోయి వచ్చావా, ఇంకా, ఇంకా, అంటూ గ్రౌండు చివరికంటా వెనక్కి నడిచింది. నేను పెదాలు కదుపుతూ ఉండిపోయాను. ఆరోజు నుంచి నా పేరు పిల్లిగొంతు.

హైస్కూలు అయిపోయాక ఆవిడే మా ఇంటికి వచ్చి తమ్ముడికి నన్ను అడిగింది. మా నాన్న మొహమాటపడుతూ, మా పిల్ల మరీ నెమ్మదండీ, అన్నాడు. అందుకే అడుగుతున్నాను, ఆ ఇంట్లో అరవడానికి నేనున్నాను చాలు, అంది.

పెళ్లయ్యాక చాలాకాలం వరకూ నోరు తిరక్క టీచర్ అనే పిలిచేదాన్ని. కూర ఇంకొంచెం వెయ్యనా టీచర్. ఆయన పడీపడీ నవ్వేవారు.

జూన్ 12

వదినని నిలబెట్టాం. నడిపించలేదు, ఊరికే నిలబెట్టాం. ఆయన ఒక పక్క, నేనొక పక్క. చెయ్యి పట్టుకుని లాగకూడదు, నడుము బెల్టు పట్టుకునే లేపాలి.

వదిన నాకంటే పొడుగు. ఆ సంగతే మర్చిపోయాను.

జూన్ 14, శనివారం

ఎలా రాయను.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. బిగుసుకుపోయిన చక్రం కంటపడితే ఆయనకి అన్నం సయించదు. పొద్దున నేను దేవుడి దగ్గర కూర్చున్నప్పుడు స్పానరూ నూనెడబ్బా తీసుకుని బండి ముందు కూర్చున్నారు. ఎవరు బిగించారో గానీ చక్రాలు బొత్తిగా తిరగట్లేదు, ఇప్పుడు చూడు వెన్నలా పోతుంది, అన్నారు. వేలితో నెట్టి చూపించారు. నిజంగానే వెన్నలా పోయింది. నేనూ మెచ్చుకున్నాను.

వదినని నిలబెట్టి బెల్టులన్నీ పెట్టి బ్రేకులు తీశాం. వదిన కొంచెం ముందుకి వంగింది, అంతే. బండి వెళ్లిపోయింది. పాదాలు వెనకే ఉండిపోయాయి. నేను అడ్డం పడి కడ్డీ పట్టుకున్నాను గానీ అది నన్ను కూడా తోసుకుంటూ పోయి బూట్ల అలమారకి కొట్టుకుని ఆగింది. బెల్టు పుణ్యాన వదిన కింద పడలేదు. దెబ్బ తగల్లేదు. కానీ చంక కింద ఎర్రగా కమిలింది.

వదిన అదే అని కూడా అనలేదు.

జూన్ 15

ఫిజియో అమ్మాయికి ఫోను చేశాను. ఆయనకివ్వమంది. అంకుల్, అది బస్సు కాదు, అంది. బిగుతుగా ఉండాలనే నేను బిగించాను, మేడమ్ ఎంత నెడితే అంతే కదలాలి, అది మేడమ్‌ని లాక్కుపోకూడదు, అంది. ఎంత బిగించాలో చెబుతుంటే ఈయన స్కూలు పిల్లాడిలా ఊఁ, ఊఁ అన్నారు.

నూనె తుడిచి చక్రాలన్నీ మళ్లీ బిగించారు. తనే అందులో దూరి హాలంతా నడిచి చూశారు. పొట్టకి ఛాతీ బెల్టు చాల్లేదు. మాట ఉన్న రోజుల్లో అయితే వదిన దాని మీద వారం రోజులు వేళాకోళం చేసేది. అక్కా, తప్పు నాదే, ఇప్పుడు సరిగ్గా ఉంది, ఒక్కసారి చూడు, అన్నారు. వదిన గోడ వైపు తిరిగి పడుకుంది.

జూన్ 18

ఎక్కనంటోంది.

జూన్ 20

ఇవాళా అంతే. బండి మీద ఆయన తువ్వాలు ఆరేశారు. తీసి మడతపెట్టాను. అది దండెం కాదు అన్నాను. మెల్లిగానే అన్నాను, ఆయనకి వినబడలేదనుకుంటా.

జూన్ 23, సోమవారం

ఎదురు స్కూలు తెరిచారు. వదిన రిటైరయ్యేదాకా పనిచేసిన స్కూలే. మా హాలు కిటికీలోంచి చూస్తే గ్రౌండు మొత్తం కనిపిస్తుంది. పొద్దున విజిల్ వినబడగానే వదిన మెడ అటు తిరిగింది. సంతోషపడి, కుర్చీలో కూర్చోబెట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్లబోయాను. ఎడంచేత్తో చక్రం గట్టిగా పట్టేసుకుంది. అదే, అదే, అదే.

పోట్లాడి పోట్లాడి మంచం దగ్గరికే తెచ్చాను. తర్వాత బియ్యం కడుగుతుంటే తట్టింది. గ్రౌండులో ఆవిడకి ఎప్పుడూ కుర్చీ ఉండేది కాదు. హెడ్మాస్టరు వేయించినా తీయించేసేది. నేను కూర్చుంటే వాళ్లు పడుకుంటారు, అనేది. ఆ పిల్లల కంట కుర్చీలో పడటం ఆవిడకి ఇష్టం లేదు.

నిలబడే వెళ్లాలి ఆ కిటికీ దగ్గరికి. బండి పోయిందంటే ఇక ఆ కిటికీ కూడా పోయినట్టే.

దేవుడా, నాకోసం ఏమీ అడగలేదు ఎప్పుడూ. ఇదీ నాకోసం కాదు.

జూన్ 28, శనివారం

పొద్దున వదిన తనే బూట్ల వైపు వేలు చూపించింది. వెంటనే తెచ్చి లేసులు కట్టాను. మాట్లాడితే మనసు మార్చుకుంటుందేమోనని భయం.

బ్రేకులు చూశాను. చక్రాలు ఆయన చేత మళ్లీ చూపించాను. పాదాలు ఆనాయి. మోకాళ్లు సరిగ్గా ఉన్నాయి. బెల్టులో రెండు వేళ్లు పట్టాయి. దణ్ణం పెట్టుకుని, వదినా, కుడికాలు, కుడికాలు ముందు పెట్టండి, అన్నాను.

రాలేదు. అసలే కుడివైపు పడిపోయిన మనిషి. బూటు ముక్కు నేలకి అతుక్కుపోయినట్టుంది. వదిన ఒళ్లంతా చెమట. నేను అదే మాట మళ్లీ మళ్లీ బతిమాలాను. చివరికి ఎడంచేత్తో కడ్డీ మీద గుద్దింది. కూర్చోబెట్టేశాం.

వంటింట్లో కుళాయి తిప్పి ఏడ్చాను. ఇంకో వారమే ఉంది.

జూలై 2, బుధవారం, పొద్దున తొమ్మిదింటికి

పొయ్యి మీద పాలు పెట్టి రాస్తున్నాను. రాయకుండా ఉండలేను.

ఇవాళ వదిన బండిలో నిలబడి ఉంది, ఆయన బ్రేకు తీయడానికి వంగారు. సరిగ్గా అప్పుడే గ్రౌండులో విజిల్ వేశారు. టప్ అని చప్పుడైంది. చూస్తే వదిన ఎడమ బూటు. పైకి లేచి నేల మీద కొట్టింది. విజిల్‌తో పాటు మళ్లీ టప్.

అప్పటికి వెలిగింది నాకు. జీవితమంతా లెఫ్ట్‌తో మొదలుపెట్టిన మనిషిని పట్టుకుని, కుడికాలు కుడికాలు అని బతిమాలుతున్నాను.

ఎదురుగా నిలబడి కడ్డీ పట్టుకున్నాను. లెఫ్ట్, అన్నాను.

వదిన కదల్లేదు. నావైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, గ్రౌండులో చూసిందే. పెదాలు ఒక పక్కకి పోయాయి. గొం, అంది. గొం, గొం. ఆయన వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

గొంతేదీ, అంది వదిన.

నేను అరిచాను. లెఫ్ట్ అని అరిచాను. నాకింత గొంతుందని నాకే తెలియదు. ఎడంకాలు ముందుకి వచ్చింది. అది రావాలంటే కుడికాలు మొత్తం ఒంటిని ఆపాలి కదా, ఆపింది. మోకాలు గజగజా వణికింది, కానీ ఆపింది. రైట్ అని అరిచాను. ఈడ్చుకుంటూ అయినా వచ్చింది. బండి ఆవిడ నెట్టినంతే కదిలింది. లెఫ్ట్. రైట్. మంచం చివర నుంచి గది తలుపు దాకా. ఆయన పక్కనే వస్తూ బెల్టు మీద నుంచి చెయ్యి తీయలేదు, కళ్లు మాత్రం తుడుచుకోలేదు, రెండు చేతులూ ఖాళీ లేవు.

పక్కింటావిడ పరిగెత్తుకొచ్చి తలుపు కొట్టింది. ఏంటి గొడవ, ఎవరు ఎవరిని కొడుతున్నారు, అంది. అరిచింది నేనే అన్నాను. నమ్మలేదు. ఆయన్ని అడిగి వెళ్లింది.

పాలు పొంగిపోయాయి.

జూలై 5, శనివారం

ఫిజియో అమ్మాయి వచ్చింది. బండి నా చేతే సెట్ చేయించి, తర్వాత అంతా తడిమి చూసింది. మోచేతి దోనె ఒక్కటి కాస్త దించింది. భుజాలు పైకి లేస్తున్నాయి ఆంటీ, అంది. మిగతాది ముట్టుకోలేదు.

అరిచాను. వదిన కిటికీ దాకా నడిచింది. బ్రేకులు వేశాం. కింద గ్రౌండులో పిల్లలు వరసల్లో ఉన్నారు. విజిల్ మోగింది. అందరికీ లెఫ్ట్ లేచింది, చివరి వరసలో రెండు జడల పిల్లకి మాత్రం రైట్. ముందు పిల్ల మడమ తొక్కేసింది.

వదిన దాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. సగం మూతితో నవ్వింది. అదే, అంది.

ఈ అదే ఏమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.

బెల్టులు విప్పాక ఫిజియో అమ్మాయి చంకల కిందా నడుము దగ్గరా ఎక్కడైనా ఎర్రబడిందేమో చూసింది. లేదు. బండి ఎవరికీ ఇవ్వడం లేదు, అంది. ఇక్కడే.

జూలై 6, ఆదివారం

పొద్దున దేవుడి దగ్గర స్తోత్రం పైకే చదివాను.

పక్క గదిలోంచి, ఇంకా, అంది వదిన.