ధనశ్రీ, అన్నం మీద అలగకు

అమ్మాయ్ ధనశ్రీ,

మిరప కోతకు వెళ్తున్నాను. పాపతో పాటు నిద్రపోతున్నావని లేపలేదు. మునగాకు పప్పు, గుడ్డు కూర వండి మూత పెట్టాను. లేవగానే తిను. లావయ్యానని రాత్రి కూడా అన్నం మానేశావు. తిండి మానితే నీరసం వస్తుంది, పాపకు పాలు తగ్గుతాయి. ఆసుపత్రి నర్సమ్మ కూడా అదే చెప్పింది. పదిహేడేళ్ల పిల్లవి, నువ్వూ ఇంకా ఎదుగుతున్నావు. కావాలంటే నామీద అలుగు, అన్నం మీద అలగకు.

మీ ఆయన పుట్టినప్పుడు నాదీ నీ వయసే. ఒళ్లొచ్చిందని అద్దం చూసుకోవడం మానేశాను. అప్పుడు మా అత్త పేరమ్మ రోజూ సాయంత్రం నన్ను పత్తి చేను దాకా నడిపించేది. దారిలో ఎవరూ లేకపోతే చీర ఎగదోపి, "ఏమే పిల్లా, నన్ను దాటు చూద్దాం!" అని పరుగు తీసేది. ఆయాసంతో గట్టు మీద కూలబడి ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఒళ్లు ఎప్పుడు తగ్గిందో గుర్తులేదు. ఆ నవ్వు మాత్రం గుర్తుంది. ఆవిడ పోయాక మళ్లీ అంతగా నవ్వలేదు.

సాయంత్రం నేను రాగానే ఇద్దరం అలా నడిచొద్దాం.

అత్తయ్య

పాప ఏడిస్తే మామయ్య ఎత్తుకుంటారు, చెప్పాను. నువ్వు కంచం ముందు నుంచి లేవకు.